శంకరయ్య మామ పిల్లల కార్ఖాన

మా శంకరయ్య మామ నోట్లెకెళ్ళి లోకంల ఉన్న మాటలన్ని వస్తయి గని, 'ఆట' అనే మాట ఒక్కటి రాదు. పిల్లల్ని చూసుకునే ఇల్లు నడిపే మనిషి ఆ మాట అనకుంటె ఎట్ల నడుస్తదని మీరు అడగొచ్చు. ఆర్నెల్ల సంది నేను గూడ గదే అడిగిన.

సిరిసిల్లల ముప్పై ఏండ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, రిపేరు చేసిన చెయ్యి ఆయనది. మోకాళ్ళు పోయినంక ఇంటెనుక షెడ్డుల ఉన్న నాలుగు సాంచాలు అమ్మేసి, ఊడ్చి, సున్నమేసి, పన్నెండు మంది పిల్లల్ని తెచ్చి పెట్టుకున్నడు. తోడు భూలక్ష్మి అత్త. పొద్దుగాల తల్లులు పనికి పోతా పోతా దించిపోతరు. నాలుగేండ్ల మా క్రాంతిగాడు గూడ ఆడనే. సాంచాలైతె పోయినయి గని, కార్ఖాన మాత్రం మామ నెత్తిల నడుస్తనే ఉన్నది.

ఇసుక పోసిన మూల ఇసుక సెక్షన్. టబ్బు, గిన్నెలు పెట్టిన జాగ నీళ్ళ సెక్షన్. దారం చుట్టే ఉత్త కండెలు ఒకదాని మీద ఒకటి పేర్చి కూలగొట్టేది కట్టుబడి సెక్షన్. ఏటవాలుగ పెట్టిన నున్నటి చెక్క మీదికెళ్ళి పిల్లలు జారుతరు సూడు, అది సరుకు దించే సెక్షన్. సరుకు ఎవలంటె వాళ్ళే. గేటు పక్క మూలకు లావు మోకుతాడుతోని కట్టిన ఉయ్యాల ఊపుడు సెక్షన్. దాగుడుమూతలకు స్టాకు తనిఖీ అని పేరు. ఎవలన్న దొరకకుంటె 'స్టాకుల ఒకటి తక్కువున్నది' అనుకుంట మామ మోకాళ్ళు పట్టుకొని బీరువా ఎనుక దేవులాడుతడు.

ఎవలన్న ఏడిస్తె 'దారం తెగింది!' అని కేకేస్తడు. భూలక్ష్మి అత్త ఉరికొచ్చి, ఎత్తుకొని, ముక్కు తుడిచి, నోట్లె ఇంత బెల్లం ముక్క పెడ్తది. 'అతికింది' అంటది. మామ తలకాయ ఊపి మల్ల తన పనిల పడ్తడు.

పగటీలి ఒంటిగంటకు లైటు టక్కున బందు చేసి 'కరెంటు పోయింది!' అని ఒర్రుతడు. కరెంటు పోతె కార్ఖానల ఎక్కడోళ్ళక్కడ ఒరుగుడే గద. పన్నెండు మంది చాపల మీద ఒరుగుతరు. మా వాడు ఒకనాడు మెల్లగ అడిగిండట.

"తాతా, మరి ఫ్యాను ఎట్ల తిరుగుతుంది?"

"ఇన్వర్టర్ రా. పండు."

పండిండు. ఇంట్ల నేను గంటసేపు జోకొట్టినా పండని పోరడు వాడు.

నాది ఫ్లెక్సీల దుకాణం. మామ మీద ప్రేమతోని నేనే ఒక బోర్డు చేసుకొని పోయిన. 'శంకరయ్య పిల్లల ఆటపాటల ఇల్లు' అని పెద్ద అక్షరాలు, పక్కన బెలూన్లు, ఒక కుందేలు. మామ అద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివిండు.

"కుందేలు మంచిగున్నది. గా నడిమి మాట తీసెయ్."

"ఏం మాట మామా?"

"గదే."

"ఏదే?"

వేలు పెట్టి చూపిచ్చిండు గని అనలేదు. "పిల్లల కార్ఖాన అని పెట్టు" అన్నడు. నాకు తిక్కలేసింది. అయినా పెట్టిన. కుందేలును మాత్రం ఉంచిన.

వారం తిరగకముందే బండి మీద ఒక ఆఫీసరు దిగిండు. ఈడ పిల్లలతోని పని చేపిస్తున్నరని ఎవలో ఫోను కొట్టిండ్రట. క్రాంతిగాని బువ్వ డబ్బ ఇయ్యనీకి పోయి నేను ఆడనే ఇరుక్కున్న. ఆఫీసరు ఇసుకల కూసున్న రచన ముంగటికి వంగిండు. రచనకు ఐదేండ్లు, మా గల్లీల బీడీలు చేసే సత్యవ్వ పెద్దమ్మ మనుమరాలు.

"ఏం చేస్తున్నవమ్మా?"

"డ్యూటి."

"ఎన్ని గంటలు?"

"అమ్మ వచ్చేదాంక."

"నడుమ రెస్టు ఇస్తరా?"

"కరెంటు పోతె ఇస్తరు."

ఆఫీసరు పెన్ను తీసిండు. బోర్డు కొట్టింది నేనేనాయె, నాకు చెమటలు పట్టినయి. గంతల మా క్రాంతిగాడు 'సార్, సరుకొస్తుంది, జరుగు!' అనుకుంట చెక్క మీదికెళ్ళి జారొచ్చి ఆయన కాళ్ళకు తాకిండు.

"ఏమయ్యా, ఇవన్ని ఆటలే గద" అన్నడు ఆఫీసరు ప్యాంటు దులుపుకుంట. "ఆ మాట ఒక్కసారి నీ నోటితోని చెప్పు. రాసుకొని పోత."

మామ రచన దిక్కు చూసిండు. "పనే సార్."

"పనంటె కేసైతది!"

"జర బయటికి రాండ్రి సార్."

బయట చెవుల ఏదో చెప్పిండు. ఆఫీసరు పెన్ను జేబుల పెట్టుకొని, మామ భుజం మీద ఒక్కటి తట్టి, బండెక్కి పోయిండు. ఏం చెప్పినవే అని నేను ఎంత గుంజినా, 'కార్ఖాన ముచ్చట నీకెందుకురా' అన్నడు. ముసలోనికి పూర్తిగ మతి పోయిందనుకున్న.

ఇగ నా నోటిదూల సంగతి. రేషను దుకాణం కాడ సత్యవ్వ పెద్దమ్మ కలిసింది.

"ఏం సతీశూ, మా పోరి ఆడ పని మంచిగ చేత్తుందా?"

"పనేంది పెద్దమ్మా, ఫుల్లు ఆటలు! నీ మనుమరాలే లీడరు."

మెచ్చుకుంటున్న అనుకున్న నేను. తెల్లారి రచన రాలేదు. మర్నాడు రాలేదు. మూడోనాడు భూలక్ష్మి అత్త నా దుకాణంల నిలవడ్డది.

"అన్ని బోర్డులు కొడ్తవు, నీ నోటికొక తాళం కొట్టుకోరాదురా!"

"నేనేం చేసిన అత్తా?"

అత్త కూసొని చెప్పింది. రచన తల్లి కవిత కుట్టుపనికి పోతది. ఇంట్ల చంటి పిలగాడు. వాని తొట్టెల ఊపనీకి రచనను ఇంట్లనే పెడ్తనని సత్యవ్వ పట్టువట్టింది. పని నేర్పితె పంపుత, ఆడుకోనీకైతె పంపేది లేదని తెగేసి చెప్పింది. పనే నేర్పుతనని మామ మాటిచ్చిండు.

"అట్లయితె ఇంట్ల పని అనుమని ఆ ఒక్క పోరికి చెప్తె అయిపోతుండె గద?"

"ఐదేండ్ల పిల్లకు అబద్ధం నేర్పుతమారా? అందరు ఒక తీరుగ అంటుంటె అది ఇంట్ల ఇంకోతీరు ఎట్ల చెప్తది? గందుకే అందరికి గదే మాట పెట్టిండు. ఇప్పుడు నిద్రల గూడ ఆ మాట అనడు. రెండు దినాల సంది బువ్వ తింటలేడు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆర్నెల్లు ఆ మనిషిని చూసి నవ్విన నేను. దుకాణం షట్టరు గుంజి సీదా సత్యవ్వ పెద్దమ్మ ఇంటికి పోయిన. పెద్దమ్మ చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చుడుతుంది. రచన తొట్టెల తాడు పట్టుకొని ఊపుతుంది. నన్ను చూసి నవ్వలే.

"ఏం రచనా, డ్యూటి నడుస్తుందా?" అన్న, ఏమనాల్నో తోచక.

"గిది డ్యూటి గాదు" అన్నది పిల్ల. "గిది ఉత్త పని."

పెద్దమ్మ చెయ్యి ఆగింది. "రెండింటికి తేడా ఏందే?"

"డ్యూటిల నవ్వొస్తది అవ్వా."

పెద్దమ్మ చేతిలున్న బీడీకి దారం చుట్టి, కొస మలిసి, చాటల పెట్టింది. "రేపు నేనే అచ్చి చూత్త" అన్నది.

వచ్చింది. సంకల పిలగాడు, చేతిల రచన. భూలక్ష్మి అత్త చీరెతోని అప్పటికప్పుడు తొట్టెల కట్టి పిలగాన్ని పండవెట్టింది. తొట్టెల సెక్షన్ తెరిచినమని మామ అనుడే ఆలస్యం, నేనంటె నేనని పదిమంది మీదవడ్డరు. లైను కట్టిచ్చి వంతులేసిండు. ఇంట్ల రచనకు భారమైన తాడు కోసం ఈడ కొట్లాట.

రచన అవ్వను తడిమట్టి ముద్దలు పెట్టిన మట్టి సెక్షన్ల కూసోవెట్టింది. "ఊకె చూడొద్దు అవ్వా. పిసుకు."

"నేనేం పిసుకుదునే?"

"పాములు చెయ్యి."

ఎన్నేండ్ల సంది బీడీలు చుట్టిన వేళ్ళో, పెద్దమ్మ చేసిన పాములు సన్నగ, పొడుగ్గ వచ్చినయి. నాకొకటి, నాకొకటి అని పిల్లలు మీదవడ్డరు. ఒకనికి పడగ గూడ పెట్టిచ్చింది. కరెంటు పోయినప్పుడు ఆమె గూడ చాప మీద ఒరిగింది. లేచి మల్ల పాములే. ఆ పొద్దు ఆమె బీడీలు చెయ్యలేదు.

పొద్దుగూకంగ పెద్దమ్మ చేతులు కడుక్కొని లేచింది. మామ సేటు ముంగట నిలవడ్డట్టు చేతులు కట్టుకొని నిలవడ్డడు.

"చూసినవు గద వదినె. అంత పనే..."

"శంకరయ్యా, ఏడేండ్లప్పుడు బీడీల చాట ముంగట కూసున్న నేను. పనేందో నువ్వు నాకు చెప్తవా?"

మామ మొకం తెల్లవోయింది. మోకాళ్ళ నొప్పి గూడ మరిచి ఒక అడుగు ముందటికి వేసిండు. "పోరిని మాత్రం ఆపకు వదినె. నీ కాళ్ళు మొక్కుత."

"ఎవలు ఆపుతున్నరు?" అన్నది పెద్దమ్మ పిలగాన్ని సంకలేసుకుంట. గేటు దాంక పోయి ఆగి, మూలకు ఉన్న ఉయ్యాలను కిందికెళ్ళి మీది దాంక చూసింది. "గదెవలు కట్టిండ్రు?"

"నేనే వదినె."

"రేపటికి మోకు మార్చు. నేను కూసుంటె తెగేటట్టున్నది."