మచ్చ ఉండాలని మొక్కిన సాయంత్రం

మొన్న బొంగులూరు వెళ్తూ బస్సు కిటికీలోంచి చూస్తే, ఇబ్రహీంపట్నంలో మేం స్టూడియో అన్న అని పిలిచే ఫోటోగ్రాఫరు ఫోటోలు తీసిన గదిలో చెప్పుల దుకాణం కనిపించింది. అన్న ఎప్పుడో జల్‌పల్లిలో కూతురి ఇంటి దగ్గరికి మారిపోయాడు. రంగురంగుల చెప్పులు వేలాడుతుంటే పక్కావిడ ముచ్చటపడి చూస్తోంది గానీ, నేను చూపు తిప్పుకున్నాను. ఆ గదిలో భయపడినంతగా నేను మళ్లీ ఎక్కడా భయపడలేదు.

మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన కొత్తలో దగ్గు పట్టుకుంటే ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో శనగగింజంత మచ్చ. వేరే ఊళ్లో ఉన్న డాక్టరు ఫోన్లోనే చెప్పాడు: మర్నాడు పొద్దున్నే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలట, పాత ఎక్స్‌రేలో కూడా ఆ మచ్చ అంతే ఉంటే సూది అక్కర్లేదట. ఏం పరీక్షని నేను అడగలేదు. అడగకపోయినా తెలిసింది. ఉద్యోగంలో చేరేటప్పుడు తీసిన ఎక్స్‌రే ఒకటి బీరువాలో ఉంది. పట్టుచీర మడత చెడకుండా దాన్ని అట్టలా వాడుకుంటున్నాను! కిటికీకి ఆనించి ఫోన్‌తో ఫోటో తీసి పంపితే, "ఇందులో కిటికీ ఊచలే కనిపిస్తున్నాయమ్మా" అన్నాడు డాక్టరు.

అందుకే స్టూడియో అన్న దగ్గరికి పరుగెత్తాం. మా వీధిలో పెళ్లిళ్లన్నీ ఆయన ఫోటోల్లోనే ఉన్నాయి. ఫిల్ముల కోసం మూతలో దీపం ఉన్న పాత స్కానర్ ఒకటి ఆయన అటక మీద ఉంది. "ఫికర్ చేయకు చెల్లె. ముసల్దే గని పని చేస్తది" అంటూ దించి దుమ్ము దులిపాడు. తీరా చూస్తే దాని వైరు కొత్త కంప్యూటరులో పట్టలేదు. పక్క మొబైల్ షాపులో అడాప్టరు తెచ్చి పెడితే, ఇదేమిటో నాకు తెలియదంది కంప్యూటరు. స్కానర్‌తో వచ్చిన సీడీ దొరికింది గానీ దాన్ని పెట్టే చోటే కొత్తదానికి లేదు. స్కానర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్లు అన్న ఇంటర్నెట్‌లో వెతికి ఒక్కొక్కటే దించుతుంటే, ప్రతిసారీ తెర మీద 'కాదు' అనే వస్తోంది. ఆ మాట డాక్టరే అంటున్నట్టుంది నాకు. మా ఆయన మాత్రం నీలం పరదా ముందు స్టూలు మీద, పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. చివరికి ఒకటి దొరికింది. ప్రమాదం సుమా అని కంప్యూటరు హెచ్చరించినా, అన్న బిస్మిల్లా అని నొక్కాడు. స్కానర్‌లో దీపం వెలిగింది. వెంటనే గరగరమని ఆగిపోయింది.

"ఖరాబైనట్టుంది చెల్లె" అన్నాడు అన్న, నా వైపు చూడకుండా. మా ఆయన స్టూలు మీంచి లేచాడు. "అన్నా, హ్యాండ్ బ్రేకు ఏసినట్టుంది గా సప్పుడు. జర కింద చూడు." తిరగేస్తే, సామాను మార్చేటప్పుడు లోపలి దీపం కదలకుండా వేసే తాళం వేసే ఉంది! తీశాక బొమ్మ పైనుంచి పట్టీలు పట్టీలుగా దిగసాగింది. మెడ ఎముకలు, ఆ కింద పక్కటెముకలు. ఆయన ఒంటికి ఏ నలతా రాకూడదని జన్మంతా మొక్కినదాన్ని, ఆ పాత బొమ్మలో మచ్చ ఉండాలి తల్లీ అని మొక్కుతూ కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే అన్న బొమ్మను ఇంకా పెద్దది చేస్తూనే ఉన్నాడు. "లేదా అన్నా?" అన్నాను. "ఆగు చెల్లె... అవ్! గిదిగో, ఉన్నది!" మా ఆయన తెర మీదికి వంగి, "గింతేనా, గింత దానికా మనం గిట్లయింది?" అన్నాడు. ఆ మాటలు అంటూనే ఆయన నా భుజం పట్టుకున్నాడు. అన్న ఆ బొమ్మను డాక్టరుకు పంపేదాకా వదల్లేదు.

డాక్టరు చూసి ఫోన్ చేశాడు. అదే మచ్చ, అంతే ఉంది. ఎప్పుడో చిన్నప్పటి జబ్బు మానిన గుర్తట, సూది వద్దట. అన్న చాయ్ తెప్పించాడు. కాలం ఊరికే గడిచిపోతుందని అందరూ అంటారు. ఆ సాయంత్రం తర్వాత నాకు ఒక్క రోజు కూడా ఊరికే గడవలేదు, ఆయన పక్కనున్న ప్రతి రోజూ లెక్కే.