చెరపనన్న నాలుగు వరుసలు

వెండి తీగపనిలోనే నా వేళ్లు ముదిరిపోయాయి. ఇప్పుడు ఆ సన్నపనికి చూపు ఆనదు. కరీంనగర్‌లోని మా చిన్న దుకాణంలో పాత సామాన్లకు పాలిష్ పెడుతూ, పేర్లు చెక్కుతూ ఉంటాను. మొన్నటి ఎండాకాలంలో జమ్మికుంట పత్తి వ్యాపారి ఒకాయన పెద్ద వెండి పళ్లెం తెచ్చాడు. హైదరాబాద్‌లో పాత వస్తువుల దుకాణంలో కొన్నాడట. వందేళ్లు దాటిన విలాయతీ పని. అంచు నిండా ద్రాక్షతీగలు, నడుమ ఇంగ్లీషులో నాలుగు వరుసలు.

"గా రాతంత తీసెయ్యి. మా నాయకుని పేరు కొట్టు. పుట్టినరోజుకు సన్మానం చేస్తున్నం," అన్నాడు.

అది మాకు కొత్త పనేం కాదు. మా దగ్గర చెంచా కొన్నా పేరు కొట్టించుకుంటారు. గిన్నె చేతులు మారితే పాత పేరు అరగదీయించి కొత్తది వేయిస్తారు. ఎందరి పేర్లు తుడిచానో నాకే గుర్తు లేదు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. కూడబలుక్కుంటే ఒక్క మాట అందింది: జ్యూస్. జ్యూస్ గ్లాసులు పెట్టే పళ్లెం కాబోలు అనుకొని పాలిష్ చక్రం సిద్ధం చేశాను.

అంతలో అన్నం తెచ్చిన నా బిడ్డ చూసింది. ఆమె కాలేజీలో చరిత్ర చెబుతుంది.

"జ్యూస్ కాదు బాపూ, యూదులు. వాళ్ల ఇండ్లు తగలవెట్టి ఎల్లగొడుతుంటె గీ పళ్లెం అందుకున్నాయన విలాయతి సభల లేచి వాళ్ల కోసం కొట్లాడిండట. మావోడివి కాకున్న మా దిక్కు నిలవడ్డవని రాసిచ్చిండ్రు."

నా చెయ్యి ఆగిపోయింది. ఒకప్పుడు మతం గొడవల్లో మా పక్క దుకాణం మీదికి గుంపు వచ్చింది. అందులో ఉండే దర్జీ ముస్లిం. ఏళ్లుగా కలిసి చాయ తాగినవాళ్లం. నేను షట్టర్ దించుకొని లోపల కూర్చున్నాను. ఆయన కుట్టుమిషన్ రోడ్డు మీద పడిన చప్పుడు విన్నాను. ఆ వారమే ఆయన ఆదిలాబాద్ వెళ్లిపోయాడు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ తింటోంది. నిలబడ్డవాడి గుర్తును నా చేత్తోనే తుడిచేస్తే నేనేం మనిషిని?

సాయంత్రం వ్యాపారి వచ్చాడు.

"పని కాలేదా?"

"కాలే. నేను చెరప."

"జర సోంచాయించు. గా యూదులెవలో, గాయనెవలో! మనకేం సంబంధం? సన్మానంల ఇచ్చే షీల్డుల పని గూడ నీకే ఇద్దామనుకున్న."

"ఎవలకన్న ఇచ్చుకో సేటూ. సంబంధం లేకున్న నిలవడ్డడనే గదా గాయనకు పళ్లెమిచ్చిండ్రు!"

పళ్లెం ఆయన వైపు తిప్పి, రాత కింద వేలు పెట్టాను.

"మీ నాయకుని పేరు కొట్టనంటలేను. కింద నాలుగు వేళ్ల జాగ ఉన్నది. గాయన ఎవల దిక్కు నిలవడ్డడో చెప్పు, గది సుత రాస్త."

ఆయన నోరు తెరిచాడు. పైకప్పు వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. పళ్లెం గుంజుకొని, "ఇంకోనితోని చేపిచ్చుకుంట," అన్నాడు.

"చక్రమున్న ప్రతోని నంబరు నా దగ్గరున్నది, గీ రాతను ఎవల్ని ముట్టనియ్య," అన్నాను.

ఆయన కారు తలుపు తీయకముందే మొదటి నంబరు నొక్కాను.