సగం పానకం

నేను ఐదో తరగతి దాకే చదివాను. రాయడం ఇదే మొదటిసారి, రాత బాగోకపోతే ఏమనుకోకండి.

మాది అనంతపురం దగ్గర పల్లె. మా ఆయన గుండె ఆపరేషన్‌కి విజయవాడ వచ్చాం. ఆసుపత్రిలో సంతకం పెట్టమంటే భయమేసి, ముందు మంగళగిరి కొండెక్కి నరసింహస్వామికి పానకం ఇచ్చాను. పూజారిగారు స్వామి నోట్లో పోసి, సగం బిందె తిరిగిచ్చేశారు. స్వామి నా మొక్కు కాదన్నాడని ఏడ్చేశాను.

పక్కనున్న ఆ ఊరి పెద్దావిడ నవ్వింది. "పిచ్చిపిల్లా, మా స్వామి ఎవరిచ్చినా సగమే తాగుతాడే. మిగతాది నీకు. నీ కష్టమూ అంతే, సగం ఆయన మోస్తాడు. సగం నువ్వు మొయ్యలేవా?"

"మోస్తానండీ" అన్నాను.

ఆ పానకం తాగి, కొండ దిగి ఆసుపత్రికి వచ్చి, సంతకం పెట్టాను. ఇప్పుడు మా ఆయన పొలానికి నాకంటే ముందు నడుస్తున్నారండీ!

తప్పులుంటే మీ ఇంటి ఆడపడుచు రాసిందనుకుని క్షమించండి.