నాలుగింటి సైరన్ దాకా వాదించిన మా వకీలక్క

నిన్న పొద్దున్నే బోధన్ నుంచి ఫోన్. "వకీలక్క లేదు, తెల్లారగట్ల నిద్రల్నే పోయింది" అని వాళ్ల మేనకోడలు.

ఫోన్ పెట్టేసి వంటింట్లోనే నిలబడిపోయాను. పాలు పొంగి స్టవ్ అంతా పారాయి. చూస్తూనే ఉన్నాను, ఆపాలని తోచలేదు.

ప్రమీలక్క పోవడమా?

ఆమెతో వాదించి గెలవడం యముడి వల్ల కూడా కాదనుకునేదాన్ని. గెలిచాడు. వాయిదాలు మాత్రం చాలానే అడిగి ఉంటుంది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజుల్లో బోధన్ కోర్టులో నల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఎక్కువగా తీసుకునేవి రెండు రకాల కేసులు. దిక్కులేని పిల్లలవి, మతి చెడిందని ఇంట్లోవాళ్లు వదిలేసినవాళ్లవి. తోటి వకీళ్లు "పిల్లల వకీలు, పిచ్చోళ్ల వకీలు" అని నవ్వేవాళ్లు.

"నిజమే. మిగిలినోళ్లకు మీరున్నరు గదా" అనేది.

నేను ఆమె పిల్లల కేసు. మా అమ్మ ఆమె పిచ్చి కేసు. ఇలా రాయడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడొద్దని నేర్పింది కూడా ఆమే.

పంతొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో. నాకు ఎనిమిదేళ్లు. చెరకు బండి బోల్తా పడి నాన్న చనిపోయాడు. ఆ తర్వాత అమ్మ తిండి మానేసింది. మా చెరకు తోటలోకి పోయి, లేని నాన్నతో మాట్లాడుతూ కూర్చునేది. పెదనాన్న ఆమెను హైదరాబాద్‌లో పిచ్చాసుపత్రిలో చేర్పించాడు.

అక్కడిదాకా ఆయన తప్పు లేదు. అమ్మకు నిజంగానే బాగాలేదు.

కొన్ని నెలలకు కుదుటపడింది. అప్పుడు పోయి తీసుకురావాలి కదా. పోలేదు. "ఆమెకు ఇక నయం కాదు, తోటనూ పిల్లనూ నాకు అప్పగించండి" అని కోర్టులో అర్జీ పెట్టుకున్నాడు.

కోర్టులో ఆ కాగితం చూసి ప్రమీలక్క మా ఇంటికి వచ్చింది. పెదనాన్న కుర్చీ వేశాడు. కూర్చోలేదు. గడప దగ్గర నా పక్కన చతికిలబడి, "నీకేం గావాలె బిడ్డా?" అని అడిగింది.

అన్ని నెలల్లో నన్ను ఎవరైనా ఏమైనా అడగడం అదే మొదటిసారి.

"మా అవ్వ జడ గట్టిగ అల్లుతది. పెద్దవ్వ అల్లితే బడికి వోయేలోపే ఊడిపోతది" అన్నాను. మా వైపు అమ్మను అవ్వ అంటాం, పెద్దమ్మను పెద్దవ్వ.

ఆమె నవ్వలేదు. పుస్తకం తీసి రాసుకుంది.

తర్వాత బస్సెక్కి హైదరాబాద్ పోయింది. అమ్మతో మాట్లాడింది, ఆసుపత్రి కాగితాలన్నీ చదివింది. అంతా బాగానే ఉంది, ఒక్కచోట తప్ప. "లేని సైరన్ గురించి రోజూ అడుగుతోంది. టైం తెలియడం లేదు" అని రాసి ఉంది.

పెదనాన్న వకీలుకు ఆ ఒక్క ముక్క చాలు.

బోధన్ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెబుతాను. మా చక్కెర ఫ్యాక్టరీ సైరనే చుట్టుపక్కల ఊళ్లకు గడియారం. షిఫ్ట్ మారినప్పుడల్లా కూసేది. దాన్ని బట్టే పొయ్యి వెలిగించడం, ఎడ్లను విప్పడం. మా ఇంట్లో వేరే గడియారమే లేదు.

విచారణ రోజు కేసు మూడింటికి పిలిచారు. ఆసుపత్రి వాళ్లు అమ్మను తీసుకొచ్చారు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. ముందు నేను గుర్తుపట్టలేదు.

అవతలి వకీలు ఆ సైరన్ ముక్క చదివి వినిపించి, గెలిచినట్టే కూర్చున్నాడు.

ప్రమీలక్క లేచింది. మొదలుపెట్టింది. ఇక ఆపదే! "జ్వరమొచ్చి తగ్గినోని తోట గుంజుకుంటమా సాబ్?" అని ఒకసారి. నా జడ సంగతి ఒకసారి. మళ్లీ జ్వరం. మళ్లీ జడ. జడ్జి గారు విసుక్కుంటున్నారు. ఈమెకు వాదించడం రాదేమో, అమ్మను మళ్లీ తీసుకుపోతారేమో అని నాకు ఏడుపొచ్చేసింది.

నాలుగైంది. సైరన్ కూసింది.

అవతలి వకీలు వాచీ చూసుకున్నాడు. గుమాస్తా గోడ గడియారం వైపు చూశాడు. జడ్జి గారైతే ఏకంగా వాచీ తీసి ముల్లు సరిచేసుకుంటున్నారు.

అప్పుడు ఆగింది ప్రమీలక్క.

"సాబ్, గిప్పుడు మీరందరు దేన్ని వట్టి టైం సూసుకున్నరు? ఆమె అడిగింది గీ సైరన్నే. పట్నంల గది కూయకపోతే ఆమె తప్పా?"

కోర్టంతా ఒకటే నవ్వు. జడ్జి గారు కూడా. నవ్వి, అమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, టైం ఎంతయింది?" అని అడిగారు.

"నాలుగైంది సారూ. పిల్ల బడికెల్లి వచ్చే యాళ్ల. ఆకలైతది దానికి."

ఇక ఎవరూ నవ్వలేదు.

తోటా అమ్మకే వచ్చింది, నేనూ అమ్మకే వచ్చాను. మర్నాడు పొద్దున నా జడ ఎంత గట్టిగా అల్లిందంటే, బడిలో రోజంతా తల నొప్పి పెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

పెద్దయ్యాక అడిగాను, "కావాలనే నాలుగు దాకా సాగదీసినవా అక్కా?" అని.

"మరి? గంటసేపు ఏం మాట్లాడాలెనో తెల్వక నీ జడను నాలుగుసార్లు అల్లిన" అంది.

నేను టీచర్‌నయ్యాను. ఏ పిల్ల గురించి ఏ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా, ముందు ఆ పిల్ల పక్కన కూర్చుని నీకేం కావాలె అని అడిగాను. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే గర్వంగా ఆమె పేరు చెప్పాను. ఇవాళ మీ అందరికీ చెబుతున్నాను.

నిన్న బోధన్ పోయి, ఆమెను సాగనంపి బయటికి వచ్చేసరికి సరిగ్గా నాలుగు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది. సైరన్ లేదు. అలవాటుగా చెవి మాత్రం అటే పోయింది.

అక్కా, నాలుగైంది.

నీ షిఫ్ట్ అయిపోయింది. ఇగ కోటు తీసెయ్యి. ఎవ్వరితోనూ వాదించకు.

నిమ్మళంగా పడుకో.