లాండ్రీ అక్క ముక్కు, ఏడో నంబరు జెర్సీ

ఈ భూమ్మీద బాస్కెట్‌బాల్‌ను ముక్కుతో చూసిన మనిషి ఒక్కతే: లాండ్రీ అక్క. ఒక సీజన్ మొత్తం, పద్దెనిమిది ఆటలు, కోర్టు గడప తొక్కలేదు, స్కోరుబోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. కాలేజీ హాస్టల్ కింద నేలమాళిగలో కూర్చుని, విప్పి పడేసిన జెర్సీల వాసన పట్టి, గెలిచారో ఓడారో, ఓడితే ఎంతలో ఓడారో చెప్పేసింది. ఆ సంగతి తెలిసి పోలీసు కుక్కలు సిగ్గుతో సెలవు పెట్టాయని చెప్పుకుంటారు. డిగ్రీలు గోడకు వేలాడదీసుకున్నవాళ్లు ఆ కాలేజీలో నూట ముప్పైమంది ఉండేవారు. పదో తరగతి గట్టెక్కని అక్క ముక్కులో ఉన్న తెలివి, వాళ్ల తలకాయలన్నీ కలిపి పిండినా ఒక్క చుక్క రాలేది కాదు.

ఆ ముక్కుకు మొదట బలైనవాడు ఆమె తమ్ముడు. జట్టు కోచ్ అతనే మరి.

అక్క రాజ్యం ఒక్క గది. మూడు పెద్ద మిషన్లు, అందులో ఒకటి తిరిగినప్పుడల్లా కదిలి కదిలి తలుపు దాకా నడిచొచ్చేది. ఆవిరి ఇస్త్రీపెట్టె, మూలన పాత కాటా, దుప్పట్లు మడతపెట్టే పొడుగాటి బల్ల. తల్లి మంచాన పడ్డ ఏడాది, పందొమ్మిదేళ్ల వయసులో ఆమె ఇక్కడ పనికి చేరింది. ఆరేళ్ల తమ్ముణ్ణి ఆ బల్ల మీదే పడుకోబెట్టి పెంచింది. మెలకువగా ఉన్నంతసేపూ వాడు మేజోళ్లు ఉండచుట్టి దూరం నుంచి బుట్టలోకి విసిరేవాడు. ఆ విసురుడే ముదిరి ముదిరి ఉద్యోగమైంది. అక్క దాన్ని ఎదుగుదలగా ఏనాడూ ఒప్పుకోలేదు.

"నా బుట్టకి అడుగన్నా ఉందిరా. వేసింది వేసినట్టే కిందపడే బుట్ట నీది. దానికి మళ్లీ ఈలొకటి!" అనేది.

ఆ సీజన్ మొదట్లో కాలేజీ ఛైర్మన్ కోచ్‌ని పిలిపించి ఒకటే మాట చెప్పాడు. ఆరు ఆటలు గెలిస్తే ఉద్యోగం ఉంటుంది, ఐదు గెలిస్తే ఉండదు. పద్దెనిమిదింట ఆరు! గుడ్డలు తొడిగిన పన్నెండు స్తంభాలను కోర్టులో పాతినా, బంతి వాటికి తగిలి నాలుగైదు గెలుపులు రావాలి. కానీ ఆ స్తంభాలకు ఒక కెప్టెన్ ఉన్నాడు. ఛైర్మన్ గారి సొంత మేనల్లుడు, ఏడో నంబరు. అతనికి అద్దంలో ఉన్నవాడు తప్ప వేరే ప్రత్యర్థి లేడు. బంతి ఎడమవైపు పోతే జుట్టు కుడివైపు సర్దుకునేవాడు.

మొదటి ఆట 91–38తో ఓడారు. కోచ్ తడి జెర్సీల ప్లాస్టిక్ సంచిని ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు. తెచ్చి బల్ల మీద పడేశాడు. అక్క సంచి మూతి విప్పి ఒక్కొక్కటే బయటికి తీసింది.

"ఒరేయ్, యాభై తేడానా?"

"యాభై మూడు. నీకెవరు చెప్పారక్కా?"

"నీ సంచే చెప్పింది. పదకొండుమంది ఏదో దేక్కుంటూ పాక్కుంటూ తిరిగారు. ఈ ఏడో నంబరు చూడు, నేనేసిన ఇస్త్రీ మడత ఉన్నదున్నట్టే ఉంది. ఎవడీ పెళ్లికొడుకు?"

"మెల్లిగా మాట్లాడక్కా. ఛైర్మన్ గారి మేనల్లుడు."

"కూర్చోబెట్టు."

"ఛైర్మన్ గారి మేనల్లుడంటున్నానా!"

"అయితే మెత్తటి కుర్చీ వెయ్యి."

కోచ్ వెయ్యలేదు. రెండో ఆట 80–44, అక్క మాట అదే. మూడో ఆటకు పెళ్లికొడుకు చీలమండ నొప్పని రాలేదు. గెలిచారు. ఏడో ఆటనాడు ఎవరిదో పుట్టినరోజని పోయాడు. గెలిచారు. పదకొండో ఆటకు పంటి నొప్పి, పద్నాలుగుకు పంటి నొప్పి రెండో వైపు, పదిహేనుకు కారు మొరాయించింది. అన్నీ గెలుపులే. సంచిలో ఏడో నంబరు కనపడకపోతే అక్క, "ఇవాళ గెలిచారన్నమాట," అని మిషన్ మీట నొక్కేసేది. పదిహేడు ఆటలయ్యేసరికి ఐదు గెలుపులు, పన్నెండు ఓటములు. లెక్క ఇంత తేటగా ఉన్నా, మేనల్లుడి వంక చూస్తే చాలు, కోచ్ జాబితాలో ఏడో నంబరే మొదట రాసేసేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి, ఆరడుగుల మనిషి, గుండె మాత్రం మేజోడంత.

"ఒక్క ఆటే మిగిలింది. కూర్చోబెడితే ఉద్యోగం ఉంటుంది," అంది అక్క.

"కూర్చోబెడితేనే పోతుందక్కా."

"మేజోళ్లు విసిరినప్పుడే నయం రా. నీకు ధైర్యముండేది."

ఆఖరి ఆటకు పెళ్లికొడుకు ఖర్మకొద్దీ పూర్తి ఆరోగ్యంతో వచ్చాడు. చివరి పది సెకన్ల దాకా జట్టు ఒక్క పాయింటు పైనే ఉంది. ఎదుటి జట్టువాడు బంతితో అతని పక్కనుంచే దూసుకుపోయాడు. అతను పక్కకు తప్పుకుని దారిచ్చాడు, బస్సులో ముసలమ్మకి ఇచ్చినట్టు. 62–61. ఓడారు.

మర్నాడు పొద్దున్నే ఛైర్మన్ గదిలో పంచాయితీ. బల్ల మీద సీజన్ ఫలితాల కాగితం, పక్కన ప్రిన్సిపాల్, సోఫాలో మేనల్లుడు. కోచ్ నిలబడే ఉన్నాడు. "ఐదు," అన్నాడు ఛైర్మన్. అంతకుమించి మాట్లాడాల్సింది కూడా ఏమీ లేదు.

అప్పుడు తలుపు తట్టకుండా అక్క వచ్చింది, చంకలో మూతి కట్టిన సంచి. ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె పైఅంతస్తు ఎక్కడం అదే మొదటిసారి. ఉతకని జెర్సీలు రెండు తీసి ఫలితాల కాగితం మీదే పెట్టింది.

"రెండూ ఎత్తి చూడండి సార్."

ఛైర్మన్ పన్నెండో నంబరు ఎత్తాడు. చెమట కారి, చేతి కఫ్ తడిసి, పద్దెనిమిది ఫలితాల్లో తొమ్మిది అలుక్కుపోయాయి. కిటికీ బయట రెండు కాకులు కళ్లు తిరిగి పడ్డాయని అంటారు. ఏడో నంబరు ఎత్తితే కాగితంలా పైకి లేచింది.

"నాకు చెమట పట్టదు మావయ్యా, ఒంటి తత్వం అంతే," అన్నాడు మేనల్లుడు.

"వార్షికోత్సవంలో నువ్వు డాన్సు చేసిన చొక్కా ఉతికింది నేనే నాయనా. పిండితే అర బకెట్టు," అంది అక్క.

ఛైర్మన్ కోచ్ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి ఆడించావేం?"

కోచ్ అక్క వైపు చూశాడు. అక్క గోడ వైపు చూసింది. ఇక గత్యంతరం లేక నిజం చెప్పాడు, బహుశా జీవితంలో మొదటిసారి, అదీ మేజోడంత గొంతుతో: "మీరంటే భయమండి."

ఛైర్మన్ తడి కఫ్ పిండుకున్నాడు. భయపడ్డవాణ్ణి పంపిస్తే, భయపెట్టిందెవరో ఊరంతా అడుగుతుందని ఆయనకు కాస్త ఆలస్యంగా తట్టింది. "ఇంకో ఏడాది ఉండు. వీణ్ణి కూర్చోబెట్టు," అన్నాడు.

"కుర్చీ నేను పంపిస్తాను," అని అక్క జెర్సీలు తీసుకుని దిగిపోయింది. కింద మిషన్ తలుపు దాకా నడిచొచ్చి ఉంది, దాన్ని కాలితో వెనక్కి తోసింది.

వారం తిరిగేసరికి ఆమె ముక్కు పేరు కాలేజీ అంతా మోగిపోయింది. కాలేజీ పత్రికకు రాసే ఒకమ్మాయి నోటుబుక్కు పట్టుకుని నేలమాళిగలోకి దిగి, అంత గొప్ప ముక్కు పుట్టుకతో వచ్చిందా, సాధనతోనా అని అడిగింది. అక్క మేజోళ్లు జత చేస్తూ తల ఎత్తకుండానే చెప్పింది:

"ముక్కా? సబ్బుపొడి పీల్చి పీల్చి అది చచ్చి ఇరవై ఏళ్లయింది. మిషన్‌లో వేసేముందు బట్టలు కాటా మీద పెట్టి బరువు చూడాలి. చూశాను."