కుమ్మరి పురుగు పాట పాడదు

నా చిన్నప్పుడు మా తాత చెప్పిన పురుగు కథను మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెప్పినవాళ్లు చూసి చెప్పారా అని మీరు ఒక్కసారైనా అడిగారా?

కథ ఇది. మట్టిగూడు కట్టే కందిరీగను మేము కుమ్మరి పురుగు అంటాం. అది ఆకుపురుగును ఎత్తుకొచ్చి గూట్లో పెట్టి, కుట్టి కుట్టి, చెవిలో ఝుమ్మని పాడుతుందట. ఆ పాటనే తలుచుకుంటూ ఆకుపురుగు చివరికి తానే కందిరీగ అయి ఎగిరిపోతుందట. శిష్యుడిని లొంగదీయాలన్నా, పెళ్లాన్ని లొంగదీయాలన్నా మా పెద్దమనుషులకు ఈ కథే దిక్కు.

నా చిన్నతనంలోనే ఒక ఏడు మా పెద్దక్క అత్తింట్లో దెబ్బలు తిని వచ్చేసింది. పసుపు ఉడకబెట్టడం అయ్యాక వచ్చి తీసుకుపోతామని అక్కడి నుంచి కబురొచ్చింది. అక్క పోనంది. తాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“గా పురుగు లెక్క ఓర్సుకోవాలె బిడ్డా. కుట్టంగ కుట్టంగనే దానికి రెక్కలొస్తయి.”

మా నాన్న తమ్ముడు, మా చిన్నబాపు, బోధన్‌లో ఫోటో స్టూడియో నడిపేవాడు. అప్పుడే వచ్చి గడపలో చెప్పులు విడుస్తున్నాడు.

“నువ్వు సూసినవా బాపూ?”

“మా తాత చెప్పిండు.”

“ఆయన సూసిండా?”

“ఫోటువలు దించుడు తప్ప నీకేం ఎరుక? పో, బువ్వ తిను.”

మరునాడు పొద్దున్నే చిన్నబాపు నన్ను పసుపు దాచే కొట్టంలోకి తీసుకుపోయాడు. చల్లపొద్దున పురుగులు మెల్లగా కదులుతాయన్నాడు. గోడమీది మట్టిగూళ్లను ముట్టరాదని మా ఇంట్లో కట్టడి. ఆయన కెమెరా లెన్సు ఊడదీసి, వెనకవైపు ముందుకు వచ్చేలా తిప్పి, అట్లాగే కెమెరాకు ఆనించి పట్టుకోమన్నాడు. బోర్లా పెట్టిన చెంబులో నీళ్లు పోయమన్నట్టుందని నవ్వాను. కన్ను పెట్టి చూశాక నవ్వు ఆగిపోయింది. గోడమీది చీమకు మీసాలున్నాయి; మీసాలకు చెరుకుగడకున్నట్టు కణుపులున్నాయి.

“లెన్సు తిప్పకు పిల్లా. నువ్వే జర ముంగటికి జరుగు. ఊపిరి బిగవట్టి, సాఫ్‌గ కనవడ్డప్పుడు నొక్కు.”

ముందు కందిరీగను చూశాం. తడిమట్టిని నొక్కుతున్నప్పుడే దాని ఒళ్లు ఝుమ్మంటోంది. సగం కట్టిన ఆ గూట్లో ఇంకా పురుగే లేదు. వినేవాళ్లు లేనిచోట ఎవరికోసం పాట? అది మేస్త్రీపని చేసుకుంటోంది, అంతే.

తర్వాత చిన్నబాపు మూసి ఉన్న ఒక గూటి మూతను సూదితో తీశాడు. ఆకుపురుగులు ఒళ్లు చచ్చుబడి పడున్నాయి. పైనుంచి సన్నటి దారానికి గుడ్డొకటి వేలాడుతోంది. ఫోటో తీశాను. గూటికి గాజుముక్క అడ్డుపెట్టి మైనంతో అతికించాం. కొన్నాళ్లకు మళ్లీ చూస్తే గుడ్డు లేదు. అందులోంచి వచ్చిన తెల్లటి, రెక్కల్లేని కందిరీగ పిల్ల ఆకుపురుగు పొట్టలో మూతి పెట్టి ఉంది. ఊపిరి బిగబట్టి నొక్కాను.

అక్క అత్తింటివాళ్లు వచ్చి మంచంమీద కూర్చున్నాక, చిన్నబాపు ఆ ఫోటోలు తాత చేతిలో పెట్టాడు. తాత కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు.

“గిదేంది, తింటున్నదా?”

అక్క ఆ ఫోటో అందుకుంది. వెలుతురుకు తిప్పి చూసింది.

“పురుగుకు రెక్కలు రావు తాతా. దాన్ని తిన్నదానికొస్తయి. నేను పోను.”

“ఫోటువల ఏమన్న సేస్తరు బిడ్డా.”

“ఇంక గూళ్లున్నయి గద. నువ్వే ఇప్పి సూడు.”

తాత లేవలేదు. వచ్చినవాళ్లు అరిచారు, మా పెంపకాన్ని తిట్టారు. అంతవరకూ తల దించుకుని ఉన్న మా నాన్న లేచి అక్క పక్కన నిలబడ్డాడు. వాళ్లు వట్టి చేతులతో బస్సెక్కారు. అక్క తర్వాత నిజామాబాద్‌లో చదువుకుని, తన కాళ్లమీద తాను బతికింది.

ఆనాటి మొండితనం నన్నింకా వదల్లేదు. శాస్త్రమన్నా, సామెతన్నా, చూసింది ఎవరని అడుగుతాను. పెద్దల మాటకు ఎదురు చెబుతానని నామీద పేరుంది, ఉండనివ్వండి. ఇప్పుడు లెన్సు ఊడదీసే పని కూడా లేదు. ఫోనుకు తగిలించే చిన్న లెన్సు ఒకటి చాలు. రేపు పొద్దున దాన్ని మీ ఇంటి ఆడపిల్ల చేతికిచ్చి చెట్లలోకి పంపండి. తిరిగొచ్చి ఆమె ఏం చూశానంటే అది, మీకు మింగుడుపడకపోయినా సరే, కూర్చుని వినండి.