అరవై ఖర్జూరం గింజలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఖర్జూరం గింజ ఒక్కటి పారేసినా మా జేజి, నాయన వాళ్లమ్మ, ఊరుకునేది కాదు. సౌదీలోని ఉనైజాలో, తనకు వీసా ఇచ్చిన కఫీలు ఖర్జూరం తోటలో మా నాయన నీళ్ల మోటార్లు చూసేవాడు. తోట పక్కనే మా రెండు గదులు. అమ్మ కాన్పు కోసం కడప నుంచి వచ్చిన జేజి, తోటలోని మేకలకు వేయాలని గింజలన్నీ కడిగి ఎండబెట్టేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తమ్ముడు నెలలు నిండకుండా, మూడు వారాల ముందే పుట్టేశాడు.

బాలింత గదిలో సాంబ్రాణి పొగ వేయకపోతే జేజికి తోచదు. ఏసీ గది, కిటికీలు మూత. పొగ పోయే దారే లేదు. కాన్పుకు ముందు నుంచే ఆయాసం ఉన్న అమ్మ దగ్గుతూనే ఉండేది. మా పక్కింటి అక్క గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు. పొగ వద్దని చెప్పి చూసింది. ఆరుగురిని పెంచినదానికి నువ్వు చెప్తావా అన్నట్టు చూసింది జేజి. అక్క నన్ను పిలిచి, పళ్లెంలో అరవై గింజలు లెక్కబెట్టి పోసి, తన గడియారం నా చేతికి కట్టింది. తమ్ముడి పొట్ట లేచినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వెయ్యాలి. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా పళ్లెం ఖాళీ అయితే ఇంకోసారి చూడాలి. "మళ్లీ అంతే అయితే నా దగ్గరికి వచ్చెయ్యమ్మా, ఎవరేమన్నా సరే" అంది. జేజి అదేదో ఆట అనుకుంది. నేనూ సగం అలాగే అనుకున్నా; నిమిషానికి అరవై ఊపిర్లంటే పసిబిడ్డకు ఆయాసమని నాకప్పుడు తెలియదు.

రెండు రోజులు ప్రతిసారీ పళ్లెంలో గింజలు మిగిలాయి. మూడో రోజు మధ్యాహ్నం, పొగ వేసిన కాసేపటికి, ముల్లు చుట్టు తిరగకముందే పళ్లెం ఖాళీ. మళ్లీ పోసి చూశా, అంతే. వాడు ఏడవడం లేదు, పాలూ తాగడం లేదు. "హాయిగా పండుకోనుంటే లేపుతావేంది, ఊరికే ఉండు మే" అని జేజి కసిరింది. పెద్దల మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. అయినా చెప్పులు కూడా వేసుకోకుండా అక్క ఇంటికి పరిగెత్తా. ఎండకు అరికాళ్లు బొబ్బలెక్కాయి.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన అక్క పరుగున వచ్చి తమ్ముడి చొక్కా ఎత్తింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. నాయన కఫీలు బండి అడిగి తెచ్చి మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఐదు రోజులు వాడు అద్దాల పెట్టెలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. సమయానికి తెచ్చారని డాక్టరంటే, అక్క నన్ను ముందుకు నెట్టి, కనిపెట్టింది ఈ పిల్లేనని అరబ్బీలో చెప్పింది. అంత గర్వం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు.

జేజి ఇంటికొచ్చి పొగగిన్నె కడిగి పెట్టెలో పెట్టేసింది. తర్వాత చూడవచ్చిన వాళ్లందరితో "మా పాప గింజలేసి పిల్లోన్ని బతికించింది" అని, తనే నేర్పినంత గొప్పగా చెప్పుకునేది.

కళ్లారా చూసింది పెద్దవాళ్లు కాదన్నా చెప్పి తీరాలని ఆ రోజే నేర్చుకున్నా. ఆ గింజలు ఇప్పటికీ నా డబ్బాలో ఉన్నాయి. నా మనవళ్లు, మనవరాళ్ల ఊపిరి వాటితోనే చూశా. తమ్ముడిప్పుడు సౌదీలోనే హఫర్ అల్ బాతిన్‌లో లారీ తోలుతాడు, వాడూ తాతయ్యాడు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా కడుపునిండా బిర్యానీ తిని, సోఫాలో గురకపెట్టి పండుకుంటాడు. నేను వాడి పొట్ట వైపు చూస్తాను, ఆ తర్వాత గోడ గడియారం వైపు.